ఏమరుపాటు పాపమా? మందుగుండు నడుమ ఒక అహింసా విచారం

ఒక పని వల్ల ఎవరికీ హాని జరగనప్పుడు కూడా ఆ పని చేసిన తీరులోని అజాగ్రత్త పాపమవుతుందా అనే ప్రశ్న భారతీయ ధర్మవిచారంలో చాలా పాతది. హాని చేయాలనే తలంపు లేకపోతే దోషం లేదని ఒక పక్షం, హాని జరిగితే తలంపు లేకపోయినా ఎంతో కొంత దోషం అంటుతుందని మరొక పక్షం, హాని జరిగినా జరగకపోయినా ఏమరుపాటే దోషమని ఇంకొక పక్షం వాదించాయి. ఈ వాదమంతా సాధారణంగా నడకలో కాలికింద పడే చీమను, నాగలి కింద నలిగే పురుగును ఉదాహరణగా తీసుకొని సాగింది. దాన్ని మందుగుండు దగ్గరకు తెచ్చి చూసినప్పుడు దాని బరువు పూర్తిగా తెలుస్తుంది. మందుగుండు పనిలో తప్పుకూ ఫలితానికీ నడుమ గంటలు, రోజులు, ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. తప్పు చేసిన చెయ్యి ఒకరిది, దెబ్బతినే ఒళ్లు మరొకరిది కావచ్చు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశం ఈ విచారానికి తగిన నేల. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండి, 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టిన తరువాత పశ్చిమ ప్రకాశమని పిలుపు పొందిన ఈ ప్రాంతానికి ఒకవైపు నల్లమల అడవి, మరొకవైపు తరతరాల బడిపిల్లల చేతికి పలకలు అందించిన గనులు ఉన్నాయి. ఇటువంటి నేలలో మందు మనిషి జీవితంలోకి రెండు దారుల్లో ప్రవేశిస్తుంది. బండను పగలగొట్టవలసిన గనిలోనూ, వానలు చాలక ఇంకా లోతు చేయవలసిన బావిలోనూ అది పనిముట్టు. అడవి అంచున పందులు పడి తొక్కే చేలలో అది కాపలా పేరుతో నాటు తుపాకిలోకి, చట్టం నిషేధించిన పందిబాంబులోకి చేరుతుంది. రెండుచోట్లా దాన్ని పట్టుకునేది సైన్యంలోనో పెద్ద కర్మాగారంలోనో శిక్షణ పొందిన యంత్రాంగం కాదు, ఒక మామూలు మనిషి చెయ్యి.

పాశ్చాత్య దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, వేటగాళ్లూ గురిపోటీల వాళ్లూ కాల్చిన తూటా గుల్లను పారవేయక ఇంటి బల్లమీదనే మళ్లీ నింపుకొనే అలవాటు ఉంది. గుల్ల అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీని మార్చి, కొలిచిన మందు పోసి, పైన గుండును బిగించడమే ఆ పని. భారతదేశంలో తూటా తయారీకి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి కాబట్టి, ఇంటి దగ్గర తూటాలు నింపుకొనే సంప్రదాయం ఇక్కడ లేదు. లైసెన్సు లేకుండా చేస్తే అది నేరం. ఆ పనికి ఇక్కడ దగ్గరగా వచ్చేది గొట్టం మూతి నుంచి మందునూ సీసపు రవ్వలనూ కూరే పాతకాలపు నాటు తుపాకి. దాన్ని పట్టిన మనిషి ప్రతి కాల్పుకూ ముందు తన తూటాను తానే తుపాకి గొట్టంలో తయారు చేసుకుంటున్నట్టే లెక్క. గనిలో బెజ్జం తొలచి మందు కూరే బ్లాస్టర్ చేసేదీ సారాంశంలో అదే పని: ముందుగా కొలవడం, కూరడం, దూరంగా జరగడం, ఆ తరువాత నిప్పు.

ఈ మూడు పనులకూ చెందిన జాగ్రత్తలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఆశ్చర్యం కలిగించేంతగా ఒకదానితో ఒకటి కలుస్తాయి. బల్లమీద ఒకేసారి రెండు రకాల మందు ఉండరాదు, మందును దాని అసలు డబ్బాలోంచి పేరులేని మరో డబ్బాలోకి మార్చరాదు అని తూటాలు నింపేవాళ్లు నియమం పెట్టుకుంటారు. దానికి కారణం ఉంది: సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు, ఆధునిక పొగలేని మందు చూపుకు దగ్గరగానే ఉన్నా వాటి స్వభావాలు వేరు, మొదటిదాని కొలతతో రెండవదాన్ని పాత గొట్టంలో పోస్తే ఒత్తిడి తట్టుకోలేక గొట్టమే పగిలి, పట్టినవాని చేతినీ ముఖాన్నీ తీసుకుపోతుంది. గనిలో మందు కూరడానికి కర్ర కడ్డీ తప్ప నిప్పురవ్వ రాల్చే ఇనుప కడ్డీ వాడరాదనీ, పాత పేలుడు మిగిల్చిన బెజ్జం అడుగున మళ్లీ తొలచరాదనీ గని నిబంధనలు చెబుతాయి. ఆ అడుగున పేలని మందు మిగిలి ఉండవచ్చు. పేలవలసిన బెజ్జం పేలకపోతే, గనివాళ్ల మాటలో అది మిస్‌ఫైర్ అయితే, నిర్ణీత కాలం గడిచేదాకా ఎవరూ దగ్గరకు పోరాదు. ఈ నియమాలన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: కంటికి కనిపించనిదాన్ని లేనిదిగా భావించకూడదు.

ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను హాని జరిగిన తరువాతి చోటు నుంచి చూస్తుంది. మనుస్మృతి పదకొండవ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త విచారం బుద్ధిపూర్వకంగా చేసినదానినీ తెలియక చేసినదానినీ వేరుచేస్తుంది; మొదటిదాన్ని కామకృతమనీ రెండవదాన్ని అకామకృతమనీ అంటారు. తెలియక చేసిన పాపానికి వేదాధ్యయనం చాలుననీ, తెలిసి చేసినదానికి రకరకాల కఠిన ప్రాయశ్చిత్తాలు కావాలనీ అక్కడ నిర్ణయం. ఈ పద్ధతిలో న్యాయం ఉంది, ఎందుకంటే అనుకోకుండా చేసినవాడినీ పగతో చేసినవాడినీ ఒకే తక్కెడలో తూచడం ఏ సమాజానికీ తగదు. అయినా ఒక లోటు మిగులుతుంది. ప్రాయశ్చిత్తం కావాలంటే ముందు హాని జరగాలి. పొయ్యి పక్కన మందు డబ్బా పెట్టి పదేళ్లు ఏమీ కాకుండా గడిపిన మనిషికి ఈ దృష్టిలో చేయవలసిన ప్రాయశ్చిత్తమేదీ లేదు. అదే పని చేసి పదకొండవ ఏట ఇల్లు కాల్చుకున్నవాడు మాత్రమే దోషి. ఇద్దరి నడతా ఒకటే అయినప్పుడు, తేడా తెచ్చినది కేవలం ఒక నిప్పురవ్వ దారి అయినప్పుడు, ధర్మం ఆ నిప్పురవ్వను బట్టి నిర్ణయమవడం సబబేనా అనే సందేహం ఇక్కడ పుడుతుంది.

బౌద్ధం ఈ ప్రశ్నను పనికి ముందున్న మనసు నుంచి చూస్తుంది. దొనకొండ సమీపంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రజ్ఞుడు వి.వి. కృష్ణశాస్త్రి గుర్తించగా, 1970లలో జరిగిన తవ్వకాల్లో సాతవాహన కాలపు మహాస్తూపం, విహారాలు వెలుగుచూశాయి. అంటే పశ్చిమ ప్రకాశపు నేలమీద రెండువేల ఏళ్ల కిందటే భిక్షుసంఘం నివసించింది. భిక్షువుల నడతను నిర్ణయించే వినయపిటకంలో మనిషిని చంపడం సంఘం నుంచి శాశ్వతంగా వెలివేయదగిన నాలుగు అపరాధాల్లో ఒకటి. అయితే ఆ నియమం కింద విచారణకు వచ్చిన ఉదంతాల్లో విహారం కడుతున్నప్పుడు చేతిలోని రాయో ఇటుకో జారి కింద ఉన్నవాడు మరణించిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటి చోట బుద్ధుడు ముందుగా అడిగేది ఆ సమయంలో భిక్షువు మనసులో ఏముందని. చంపే తలంపు లేదని తేలితే ఆ అపరాధం లేదు. స్తూపాలూ విహారాలూ ఇటుక ఇటుకగా పేర్చిన సంఘానికి ఇది పుస్తకాల్లోని ప్రశ్నగా మాత్రమే ఉండిపోయి ఉండదు.

ఇక్కడితో ఆగితే బౌద్ధం ఏమరుపాటును వదిలేసిందనే అపోహ కలుగుతుంది. వాస్తవానికి అప్రమాదం, అంటే క్షణక్షణం మెలకువతో ఉండడం, బుద్ధుని బోధలో అన్ని సద్గుణాలకూ ఆధారం. ధమ్మపదంలో ఒక అధ్యాయమంతా దానికే కేటాయించబడింది, పరినిర్వాణ సమయంలో ఆయన శిష్యులకు చెప్పిన చివరి మాట కూడా అప్రమాదంతో సాధన చేయమనే. మిలిందపన్హ గ్రంథంలో మిలింద రాజు, తెలిసి పాపం చేసేవాడికి ఎక్కువ దోషమా, తెలియక చేసేవాడికి ఎక్కువ దోషమా అని అడిగినప్పుడు భిక్షువు నాగసేనుడు ఎవరూ ఊహించని జవాబు ఇస్తాడు: తెలియనివాడికే ఎక్కువ. ఎర్రగా కాలిన ఇనుప గుండును అది కాలిందని తెలిసి పట్టుకునేవాడి కంటే తెలియక గట్టిగా పట్టుకునేవాడి చెయ్యే ఎక్కువ కాలుతుందని ఆయన వివరణ. అజ్ఞానం శిక్షను తగ్గించే సాకుగా న్యాయస్థానంలో పనికిరావచ్చు. మందు పక్కన అది శిక్షను పెంచుతుంది. తన చేతిలోనిది ఏ మందో తెలియనివాడు దాన్ని తెలిసినవాడికంటే ధైర్యంగా పోస్తాడు, ఆ ధైర్యమే అతడి మీదికి వస్తుంది.

జైనం ఈ ప్రశ్నను పని జరుగుతున్న క్షణంలోనే పట్టుకుంటుంది. ఆంధ్రదేశానికి జైనం పరాయి మతం కాదు. నల్లమలకు దక్షిణాన కడప సీమలోని దానవులపాడులో 10వ శతాబ్దపు రాష్ట్రకూట ప్రభువు నిత్యవర్షుడు తీర్థంకరుడైన శాంతినాథుని అభిషేకానికి పీఠం చేయించినట్టు శాసనం ఉంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ, ప్రాణాలు పోవడం ఒక్కటే హింస అని చెప్పి ఊరుకోదు. ఏమరుపాటుతో కూడిన ప్రవృత్తి వల్ల ప్రాణాలకు కలిగే విఘాతం హింస అని చెబుతుంది. అమృతచంద్రుడు తన పురుషార్థసిద్ధ్యుపాయంలో ఈ నిర్వచనాన్ని చివరిదాకా తీసుకుపోతాడు: జాగ్రత్తగా నడిచేవాని కాలికింద ఒక ప్రాణి చనిపోయినా అతడికి హింసాదోషం లేదు, అజాగ్రత్తగా నడిచేవాని కాలికింద ఏ ప్రాణీ చనిపోకపోయినా హింస అతడి ముందు పరుగెడుతూనే ఉంటుంది. అజాగ్రత్తపరుడు ఇతరులను గాయపరచినా గాయపరచకపోయినా మొదట తన ఆత్మను తానే గాయపరచుకుంటున్నాడనేది ఆయన వాదం.

ఈ సిద్ధాంతం మాటలకే పరిమితం కాకుండా ఆచరణ నియమంగా మారింది. జైన సాధువులు పాటించే ఐదు సమితుల్లో, అంటే ప్రవర్తనలో పాటించవలసిన ఐదు జాగ్రత్తల్లో, నడకకూ మాటకూ ఆహార స్వీకరణకూ విసర్జనకూ చెందినవి నాలుగు కాగా, మిగిలినది ఆదాన నిక్షేపణ సమితి. ఒక వస్తువును తీసుకునేటప్పుడూ కింద పెట్టేటప్పుడూ చూసి, తుడిచి, మెల్లగా చేయాలనేదే ఈ సమితి. చేతికీ వస్తువుకూ మధ్య జరిగే ఇంత చిన్న వ్యవహారాన్ని మోక్షమార్గంలో భాగం చేసిన సంప్రదాయాలు లోకంలో కొద్ది. ఆ నియమాన్ని రూపొందించినవాళ్లు మందుగుండును ఊహించి ఉండరు. అయినా మందు డబ్బాను ఎక్కడి నుంచి తీయాలి, ఎక్కడ పెట్టాలి, మూత ఎప్పుడు బిగించాలి అనే ప్రశ్నలకు దీనికంటే సరిపోయే ధార్మిక ఆధారం దొరకదు.

ఏమరుపాటే దోషమని ఒప్పుకున్నాక, అది మనిషిలో ఏ దారిన ప్రవేశిస్తుందని అడగాలి. దీనికి జవాబు మతగ్రంథాల్లో కంటే వైద్యగ్రంథంలో స్పష్టంగా దొరుకుతుంది. చరకసంహిత వ్యాధులకు మూలకారణాల్లో ఒకటిగా ప్రజ్ఞాపరాధాన్ని, అంటే బుద్ధి చేసే తప్పిదాన్ని చెబుతూ, దాన్ని మూడుగా విడదీస్తుంది: ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించే ధీశక్తి చెడడం, తగనిదాని నుంచి మనసును నిలువరించే ధృతి చెడడం, గ్రహించినదాన్ని గుర్తుంచుకునే స్మృతి చెడడం. మందుగుండు పనిలో జరిగే ప్రమాదాలను ఈ మూడు గదుల్లో పెట్టి చూడవచ్చు. ఒక మందును మరొకటిగా పొరబడడం, తడి మందు ఇక ఎప్పటికీ పేలదని నమ్మడం, పేలని బెజ్జం చచ్చిపోయిందనుకోవడం ధీభ్రంశం. నిప్పు వెలిగించాక ఎందుకు పేలలేదోనని కాలం గడవకముందే లోపలికి తొంగిచూడడం, బీడీ మానలేక మందు దగ్గరే కాల్చడం, కొలతకు మించి ఇంకొంచెం పోస్తే దెబ్బ బాగా తగులుతుందనే ఆశకు లొంగడం ధృతిభ్రంశం. ఈ మూడింటిలో ధృతి తెలివికి సంబంధించినది కాకపోవడం గమనించదగినది. అన్నీ తెలిసినవాడే ఆ తప్పు చేస్తాడు.

స్మృతిభ్రంశం అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది, చేసే చేటు మాత్రం చిన్నది కాదు. మూతి నుంచి నింపే తుపాకిలో ఇప్పటికే మందు ఉందా లేదా అనేది బయటికి కనిపించదు, కాబట్టి నింపినవాడి జ్ఞాపకం మీదే అంతా ఆధారపడుతుంది. 1863 జూలైలో అమెరికా అంతర్యుద్ధపు గెట్టిస్‌బర్గ్ పోరు ముగిశాక రణరంగంలో ఏరిన ఇరవై ఏడు వేలకు పైగా తుపాకుల్లో అత్యధిక భాగం నింపి ఉండగా, వాటిలో వేలకొద్దీ తుపాకుల్లో ఒక నింపుడు మీద మరొక నింపుడు, కొన్నింట్లో మూడు నుంచి పది దాకా ఉన్నట్టు ఆనాటి లెక్కలు చెప్పాయి. ఆ సైనికులు కసరత్తు ఎరగనివాళ్లు కారు. భయంతో, గందరగోళంలో తుపాకి పేలిందో లేదో కూడా వాళ్లకు గుర్తులేకపోయింది. ప్రశాంతంగా ఇంట్లో కూర్చున్నవాడికి భయం ఉండకపోవచ్చు గాని, మధ్యలో వచ్చిన ఫోను, పలకరించిన పక్కింటివాడు, ఏడ్చిన బిడ్డ అదే పని చేయగలవు. అందుకే తూటాలు నింపేవాళ్లు పని మధ్యలో మరొక పని కల్పించుకోరాదనీ, లేచి వెళ్లవలసివస్తే తిరిగి మొదటి నుంచి సరిచూడాలనీ నియమం పెట్టుకున్నారు. ధ్యానంలో మనసును ఒకేచోట నిలపమని చెప్పే బోధ ఈ బల్లమీద ప్రాణరక్షణ నియమంగా పనిచేస్తుంది.

జాగ్రత్తకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం తలరాత. రాసి ఉంటే ఎంత జాగ్రత్తపడినా జరుగుతుంది, రాసి లేకపోతే ఏమీ కాదు అనే మాట గనుల్లోనూ పొలాల్లోనూ వినిపించేదే. చరకసంహిత విమానస్థానంలో శిష్యుడు అగ్నివేశుడు ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటుందా అని అడిగినప్పుడు గురువు ఆత్రేయుడు ఇచ్చే జవాబు ఈ మాటకు సూటి సమాధానం. ఆయువు దైవం, పురుషకారం అనే రెండింటి కలయిక మీద ఆధారపడుతుంది. పూర్వకర్మ ఫలం దైవం, ఇప్పటి ప్రయత్నం పురుషకారం. అంతా ముందే నిర్ణయమై ఉంటే మదమెక్కిన ఏనుగు నుంచి తప్పుకోవలసిన పని ఎవరికీ ఉండదు, ఔషధాలూ మంత్రాలూ వృథా అవుతాయి అని ఆయన వాదిస్తాడు. తలరాతను నమ్మేవాడు కూడా ఏనుగు ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. కాబట్టి మందు దగ్గర మాత్రమే తలరాతను తలచుకునేవాడు విశ్వాసం వల్ల కాక సోమరితనం వల్ల మాట్లాడుతున్నాడని అనుకోవలసి వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదనే అనుభవజ్ఞుడి వాదం దీనికి చెల్లెలు వంటిది. ఇరవై ఏళ్ల అదృష్టాన్ని అతడు తన నైపుణ్యం ఖాతాలో జమ చేసుకుంటాడు.

ఇతిహాసాలు ఈ విషయంలో ధర్మశాస్త్రాలకంటే కఠినంగా ఉన్నాయి. చీకట్లో నది ఒడ్డున కుండ మునిగే చప్పుడు విని ఏనుగు నీళ్లు తాగుతున్నదని భ్రమించి బాణం వేసిన దశరథుడు ముని కుమారుణ్ణి చంపాడు. అది తెలియక జరిగిన పనే అయినా పుత్రశోకంతో మరణించవలసి వచ్చింది. మౌసలపర్వంలో జర అనే వేటగాడు పడుకొని ఉన్న కృష్ణుణ్ణి లేడిగా పొరబడి కొట్టాడు. కృష్ణుడు అతణ్ణి ఓదార్చాడు. రెండు కథల్లోనూ గురి తప్పలేదు, గుర్తింపు తప్పింది. చేతిలోని విద్య ఎంత గొప్పదైతే అంత జాగ్రత్త కావాలనే నియమం సౌప్తికపర్వంలో అస్త్రాల విషయంలో స్పష్టమవుతుంది. అశ్వత్థామ, అర్జునుడు ఒకరిమీద ఒకరు బ్రహ్మశిరోస్త్రం వేసినప్పుడు నారద వ్యాసులు మధ్యకు వచ్చి ఉపసంహరించమన్నారు. అర్జునుడు చేయగలిగాడు, అశ్వత్థామకు చేతకాలేదు. వెనక్కి తీసుకోవడం రానివాడికి వేసే అర్హత లేదనేది అక్కడి తీర్పు. మందుకు ఉపసంహారం లేదు గనుక, ఆ అర్హత అంతా వెలిగించడానికి ముందే సంపాదించుకోవాలి.

ఆయుధాన్ని దాచే పద్ధతికి కూడా భారతంలో ఒక నిదర్శనం ఉంది. తిక్కన తన అనువాదాన్ని మొదలుపెట్టిన విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి ముందు ఆయుధాలను శ్మశానం పక్కన ఉన్న జమ్మిచెట్టు మీద కట్టి, ఎవరూ దరిచేరకుండా శవాన్ని కూడా కట్టారు. అపాయకరమైనది ఇంట్లో కాక దూరంగా, అందని ఎత్తులో, ఇతరులు తాకరాని విధంగా ఉండాలనే వివేకం ఆ ఏర్పాటులో ఉంది. దసరాలో జమ్మిని పూజించే ఊళ్లన్నీ, సుత్తికీ ఉలికీ తుపాకికీ ఒకే పసుపు కుంకుమ పెట్టే ఇళ్లన్నీ, ఈ కథలో పూజించదగినది ఆ ఏర్పాటేనని గుర్తించవచ్చు. ఆయుధపూజ ఆయుధపు శక్తిని కొలవడంతో పాటు దాని ముందు ఒకరోజు చేతులు కట్టుకొని నిలబడడం కూడా అయితే, ఆ నిలకడ మిగిలిన రోజుల్లోకి వ్యాపించినప్పుడే పూజ పూర్తవుతుంది.

పిల్లల విషయంలో మాండవ్యుని కథ ఒక ధర్మసూత్రాన్ని ఇస్తుంది. బాల్యంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చినందుకు పెద్దయ్యాక శూలం మీద బాధపడిన ఆ ముని, అంత చిన్న వయసులో చేసినదానికి అంత శిక్ష అన్యాయమని యముణ్ణి శపించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు పాపం అంటకూడదని కొత్త మర్యాద విధించాడు. పిల్లవాడికి పాపం అంటకపోతే, పిల్లవాడి చేతికి అందిన మందు వల్ల జరిగిన హాని ఎవరి ఖాతాలో పడుతుందనే ప్రశ్న సహజంగా పుడుతుంది. ఆ మర్యాద పిల్లవాణ్ణి విడిచిపెట్టిన మరుక్షణం బాధ్యత పెద్దవాడి మీదికి మారిపోతుంది. దీపావళి చిచ్చుబుడ్డి దగ్గరైనా, అటక మీది మందు పొట్లం దగ్గరైనా, బిడ్డ ముట్టుకున్నాడు అనే వాక్యం పెద్దవాడిని నిర్దోషిని చేయదు.

మరొక బలమైన అభ్యంతరం లోకవ్యవహారం నుంచి వస్తుంది. జాగ్రత్తకు ఖర్చు అవుతుంది. శిక్షణ పొందిన బ్లాస్టరుకూ, సరైన గిడ్డంగికీ, పని ఆగిన గంటలకూ డబ్బు పెట్టవలసింది యజమాని కాగా, ప్రాణం పెట్టవలసి వచ్చేది కూలీ. బెజ్జం దగ్గర తొందరపడిన కూలీ ఏమరుపాటు కళ్లకు కనిపిస్తుంది, అతణ్ణి తొందరపెట్టిన కాంట్రాక్టు గడువు కనిపించదు. జైన నిర్వచనాన్ని నిజాయితీగా అన్వయిస్తే, ఏమరుపాటుతో కూడిన ప్రవృత్తి అనేది చేతిది మాత్రమే కాదు. పని చేయించే మనసుకూ, డబ్బు లెక్క రాసే కలానికీ వర్తిస్తుంది, ఎందుకంటే తాను చేసినా, చేయించినా, అనుమోదించినా దోషం సమానమని ఆ సంప్రదాయమే చెబుతుంది. అలాగే పంట పోగొట్టుకున్న రైతు కోపం న్యాయమైనదే అయినా, పంది కోసం పెట్టిన బాంబు పందినే ఎంచుకొని పేలదు; దాన్ని ఆవు కొరకవచ్చు, కుక్క కొరకవచ్చు, కట్టెలకు వెళ్లిన మనిషి తొక్కవచ్చు. కేరళలో 2020 మే నెలలో పేలుడు పదార్థం దాచిన ఆహారాన్ని కొరికి, నోరు ఛిద్రమై, నదిలో నిలబడి చనిపోయిన కడుపుతో ఉన్న ఏనుగు ఉదంతం దీన్నే దేశమంతటికీ చూపింది. చూడకుండా వేసే దెబ్బకు ఏ ధర్మంలోనూ సమర్థన లేదు.

అయితే హింసకు దగ్గరగా ఉన్న పనులన్నీ మానడమే మార్గమా అనే ప్రశ్నకు మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు జవాబు చెబుతాడు. అద్దంకి రెడ్డిరాజ్యపు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రాప్రగడ తెలుగు చేసిన భాగంలో ఉన్న ఈ మిథిలానగరపు మాంసవిక్రేత, తన దగ్గరకు జ్ఞానం కోసం వచ్చిన కౌశికుడనే బ్రాహ్మణునితో, నేల దున్నేవాడు కూడా ఎన్నో ప్రాణులను చంపుతాడనీ, పూర్తిగా హింస లేని జీవిక ఏదీ లేదనీ అంటాడు. దాన్ని సాకుగా తీసుకొని ఏదైనా చేయవచ్చని ఆయన అనలేదు. తన వంతు పనిని ఆశకు లొంగక, నియమం తప్పక, తల్లిదండ్రుల సేవలో ఏ లోటూ రానీయక చేయడమే తన ధర్మమన్నాడు. ఈ బోధ ప్రకారం గనిలోని బ్లాస్టరుకూ, లైసెన్సు గల తుపాకి కాపలాదారుకూ ధర్మమార్గం మూసుకుపోలేదు. ఆ మార్గం వాళ్ల పనికి బయట ఎక్కడో లేదు, పని చేసే తీరులోనే ఉంది.

ఆధునిక చట్టం కూడా ఈ సత్యాన్ని తన భాషలో గుర్తించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 286వ సెక్షన్ చెప్పినట్టే, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 288వ సెక్షన్, పేలుడు పదార్థంతో మనుషుల ప్రాణాలకు అపాయం కలిగేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించడాన్ని, తన అధీనంలోని పేలుడు పదార్థం విషయంలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడాన్ని నేరంగా చెబుతుంది. ఎవరూ గాయపడవలసిన అవసరం లేదు. గాయానికి చోటు కల్పించడమే నేరం. ప్రాణం పోతే వేరే సెక్షన్, వేరే శిక్ష ఉంటాయి. అంటే హాని జరగని అజాగ్రత్తకు కూడా దోషం ఉందనే అమృతచంద్రుని నిర్ణయాన్ని, మోక్షంతో పనిలేని శాసనకర్తలు లోకరక్షణ కోసం వేరే దారిలో చేరుకున్నారు. రెండు దారులూ ఒకేచోట కలవడం, ఆ నిర్ణయం ఒక మతపు ప్రత్యేక విశ్వాసానికి పరిమితం కాదనడానికి ఆధారం.

ఈ విచారం నుంచి తేలేది ఇది. అహింసను సాధారణంగా మానడంగా, చంపకపోవడంగా, ఆయుధం ముట్టకపోవడంగా భావిస్తారు. మందును ముట్టక తప్పని మనుషులున్న లోకంలో అహింసకు చేసే రూపం కూడా ఉంది. డబ్బా మీద పేరు రాయడం, కర్ర కడ్డీ పట్టడం, రెండోసారి కొలత చూడడం, కాలం గడిచేదాకా ఆగడం, సందేహం కలిగితే ఆ పూట పని మానుకోవడం ఆ రూపాలు. ఇవి నిపుణుడు పాటించే సాంకేతిక నియమాలుగానే లెక్కకు వస్తే, నిపుణుడికి విసుగు పుట్టిన రోజున పోతాయి. ధర్మంగా లెక్కకు వస్తే విసుగు పుట్టిన రోజున కూడా నిలుస్తాయి. ఎవరూ చూడనప్పుడు, ఏ హానీ జరగనప్పుడు, నిన్నటిదాకా అంతా సవ్యంగా నడిచినప్పుడు కూడా జాగ్రత్త పడవలసిన కారణం ఏమిటని అడిగితే, హాని జరిగే అవకాశం ఉందనేది సగం జవాబు. ఇతరుల ప్రాణాన్ని తన అదృష్టం మీద పందెం కాసే హక్కు ఎవరికీ లేదనేది, ఆ పందెం గెలిచినా కాసిన దోషం పోదనేది మిగిలిన సగం.